ఆరియా, హబీస్

మాది ఏజెన్సీ, హుకుంపేట పైన కొండ.
నన్నీ ఇంటికి పంపింది కూడా ఏజెన్సీయే,
ద్వారకానగర్‌లో మెట్ల కింద గది, ఒక ఫోను,
నెల నెలా నా జీతంలో కోత.
రెండు ఏజెన్సీల మధ్యా నాలుగు గంటల బస్సు.

జ్ఞానాపురంలో మూడో అంతస్తు.
కిటికీ చువ్వలు పొద్దున్న తుడిస్తే
సాయంత్రానికి మళ్లీ బొగ్గు.
పోర్టు ఊపిరయ్యా అది, అంది ఫిలోమినా మేడం
వాళ్ల నాన్న మందుల డబ్బా నా చేతికిస్తూ.
సగం బిళ్ల ఎప్పుడో మాత్రం
రెండుసార్లు చెప్పింది.

గాబ్రియేలు గారికి డెబ్బై తొమ్మిది.
కుడి పక్కంతా పడిపోయింది.
మాట కూడా ఆ పక్కనే ఉండేదేమో, దాంతోపాటే పోయింది.
మిగిలినవి రెండు:
ఆరియా. హబీస్.

ఆరియా అంటే మనిషనుకున్నాను.
పోయిన భార్యేమోనని పటం చూస్తే
కింద థెరెసమ్మ అని ఉంది.
హబీస్ అంటే తినేదనుకుని
బిస్కెట్టు తెచ్చాను. తిన్నాడు.
మళ్లీ హబీస్ అన్నాడు. మళ్లీ బిస్కెట్టు.
షుగరున్న మనిషి!
ఆ రోజు నోటుపుస్తకంలో బిస్కెట్లు రాయలేదు.

అప్పట్లో ఆయన్ని లేపడమంటే
చంకల కింద చేతులేసి ఒక్క గుంజు.
మా ఊళ్లో పసుపు బస్తాలు అలాగే ఎత్తుతాం.
ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి.
కోపమని తర్వాత తెలిసింది.

శనివారం వచ్చి విన్న మేడం
మంచం పట్టె మీద కూలబడి
నవ్వీ నవ్వీ ముక్కు చీదింది.
"ఓడ మాటలయ్యా బొంజూ.
హబీస్ అంటే ఎత్తు. ఆరియా అంటే దించు.
ముప్పై ఒక్క ఏళ్లు నాన్న క్రేనెక్కి కూర్చుంటే
కిందనుంచి కళాసీలు అరిచేవి ఈ రెండే."

అంటే ఆయన అన్న మాటలు కావవి.
విన్న మాటలు.
అంతెత్తున గాజు గదిలో ఒక్కడూ కూర్చుని
కిందనున్న గొంతుని నమ్మి
చెయ్యి కదిపిన మనిషి.
ఇప్పుడు కింద ఆయన, పైన నేను.

ఆయన ఎడమచెయ్యే నాకు పని నేర్పింది.
చూపుడువేలు పైకి, చిన్న సున్నా: మెల్లగా.
అరచెయ్యి అడ్డం: ఆగు, ఊగుతోంది.
ఊగుతున్న సరుకుని దించకూడదు.
మంచం అంచున కూర్చోబెట్టి
కళ్లు తిరగడం తగ్గేదాకా
నా భుజం ఆనించి నిలబడతాను.
కాఫీ చల్లారితే చల్లారనీ.
హబీస్. లేచాం.
ఆరియా, ఆరియా, ఆరియా.
కమోడు కుర్చీ కిర్రుమనలేదు.
ఆయన ముఖం, ఏమని చెప్పను,
గోధుమల ఓడ ఖాళీ చేసినట్టు.

ట్రైనింగులో గ్లవ్స్ గురించి చెప్పారు,
పుండ్లు పడకుండా పక్క మార్చడం చెప్పారు.
లుంగీ విప్పేటప్పుడు ఎటు చూడాలో చెప్పలేదు.
నేను కిటికీలోకి చూస్తాను.
ఆయనా అటే చూస్తాడు.

నిన్న రాత్రి రెండింటికి తమ్ముడి ఫోను.
అమ్మకి ఆయాసం. రోడ్డు దాకా డోలీ కట్టారు.
వాన. గెడ్డ దాటాలి.
"నువ్వుంటే భుజం మార్చేవాడివి" అన్నాడు,
తిట్టలేదు, ఊరికే అన్నాడు.

వంటింట్లో నిలబడిపోయాను.
ఏమీ ఎత్తి లేను. చేతులు మాత్రం
ఎత్తినట్టే ఉండిపోయాయి.
గదిలోంచి గొంతు.
ఎప్పటి మాటే, కానీ తనకోసం కాదు.
చీకట్లో ఎడమచెయ్యి లేచింది.
చూపుడువేలు కిందికి, చిన్న చిన్న సున్నాలు,
నా వైపు.
ఆరియా.
నా పేరు కూడా అన్నాడనుకుంటాను,
సరిగా వినపడలేదు.

మంచం పట్టె మీద కూర్చున్నాను.
ఆరుంపావుకి మెసేజ్:
రోడ్డెక్కాం. అంబులెన్సు వచ్చింది.

నోటుపుస్తకంలో రాశాను:
రెండింటికి పక్క మార్చడమైనది. మూత్రం రెండు వందల యాభై.
నిద్ర పట్టలేదు.
పొద్దున్న ఆయనకొక బిస్కెట్టు, నాకొకటి.
అవి రాయలేదు.